గోనెసంచుల సంస్థలో మనోనిబ్బరం

రాష్ట్ర గోనెసంచుల సంస్థకు ఒకనాడు దయ కలిగింది. ఇటువంటి సంస్థలకు దయ దానంతటది కలగదు, పైనుంచి ఉత్తర్వు రావాలి. వచ్చింది. మానసిక అనారోగ్యంతో బతుకుతున్నవాళ్లకు ఉద్యోగమిచ్చి, అందులో నిలదొక్కుకునేదాకా పక్కన ఒక మనిషిని తోడుంచే పద్ధతి అన్నిచోట్లా మంచి పేరు తెచ్చుకుంటోందనీ, మనం వెనకబడితే బాగుండదనీ ప్రధాన కార్యాలయంలో ఎవరికో తట్టింది. పథకానికి 'మనోనిబ్బరం' అని పేరు పెట్టారు. పేరు కుదరడంతో సగం పని అయిపోయింది. మిగతా సగం మండపేట డివిజన్ ఆఫీసు నెత్తిన పడింది.

ఆ ఆఫీసులో ఉద్యోగం వచ్చినామె పేరు వీరవేణి. బీకాం చదివి, ఒక రైసుమిల్లులో లెక్కలు రాస్తూ ఉండగా ఆమెకు చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు మొదలైంది. మిల్లు మానేసింది, మనుషుల్ని మానేసింది, అక్క ఇంట్లో ఒక గదికి పరిమితమైపోయింది. దాన్ని స్కిజోఫ్రీనియా అంటారని డాక్టరు చెప్పాడు. కొన్నేళ్లకు మందులు కుదిరాయి. మాటలు బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. పక్కింటి రేడియోలాగా ఉండి ఉండి దూరంగా వినబడతాయి. పక్కింటి రేడియోతో బతకడం వీరవేణి నేర్చేసుకుంది. "చేతినిండా పని పెట్టుకోమ్మా. ఖాళీగా మాత్రం కూర్చోకు, అది నీకు పడదు" అని డాక్టరు ప్రతిసారీ చెప్పేవాడు. అందుకే ఉద్యోగం కాగితం చేతికొచ్చిన రోజు ఆమె అక్కని పట్టుకుని ఏడ్చింది.

చేరిన రోజు డివిజనల్ మేనేజరు భాస్కర రామమూర్తి గారు ఆమెకు దండ వేసి ఉపన్యాసమిచ్చారు.

"ఈ సోదరీమణి రాకతో మన కార్యాలయం మానవీయ కోణంలోకి అడుగిడినది. ఇంతకాలం మనం సంచులు మాత్రమే చూశాము. ఇకపై మనసులను కూడా చూడవలసియున్నది."

తర్వాత నిబంధనలు చదివారు. నాలుగో నిబంధన: లబ్ధిదారుకు ఎవ్వరునూ, ఎట్టి పరిస్థితులలోనూ, ఏ విధమైన ఒత్తిడియు కలిగించరాదు. తొమ్మిదో నిబంధన: ఆరు మాసముల అనంతరము లబ్ధిదారు పనితీరును సమీక్షించి, సంతృప్తికరముగా ఉన్నచో ఉద్యోగము ఖరారు చేయవలెను, లేనిచో తొలగించవలెను. మధ్యలో ఉన్నవన్నీ దండల గురించీ ఫొటోల గురించీ.

"నేనేం పని చెయ్యాలండీ?" అని అడిగింది వీరవేణి.

గదిలో అందరూ మేనేజరు గారి మొహం చూశారు. ఆయన నాలుగో నిబంధన మళ్లీ చదువుకున్నారు. పని ఇస్తే ఒత్తిడి కలుగుతుందా, కలిగితే కలిగించినవాడు ఎవడవుతాడు అన్న ప్రశ్న ఆయన నుదుటి మీద చెమటగా పైకి వచ్చింది.

"తొందరేముందమ్మా, కూర్చో. పైకి రాసి స్పష్టీకరణ తెప్పిద్దాం."

స్పష్టీకరణ వచ్చింది. "ఒత్తిడి లేని పనిని స్థానికముగా గుర్తించి అప్పగించవలెను. గుర్తించుటలో పొరపాటు జరిగినచో గుర్తించినవారే బాధ్యులు." ఆ చివరి వాక్యం చదివాక మేనేజరు గారు ఒంటరిగా ఏదీ గుర్తించదల్చుకోలేదు. కమిటీ వేశారు.

కమిటీ ప్రతి సీటునూ పిలిచి, నీ పనిలో ఒత్తిడి ఉందా లేదా అని విచారించింది. ఇక్కడే తప్పు జరిగింది. ఏ ఆఫీసులోనైనా సరే, నా సీటు తేలిక అని ఒప్పుకున్నవాడి మీద పక్కవాడి సీటు కూడా వచ్చి పడుతుంది. ఈ సంగతి చేరిన మొదటి వారంలోనే అందరికీ ఒంటబడుతుంది. కాబట్టి ఎవరూ ఒప్పుకోలేదు.

తపాలా గుమాస్తా, కవరు చింపేటప్పుడల్లా లోపల ఏముందోనని గుండె దడదడలాడుతుందన్నాడు. గోడౌన్ కీపరు ఎలకల సంగతి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మొక్కలకు నీళ్లు పోసే అటెండరు, "అది ఎండిపోతే నన్నే కదండీ అంటారు, వానలు లేకపోతే నిద్ర పట్టదండి" అన్నాడు. వాచ్‌మన్ అబ్బులు వంతు వచ్చింది.

"నీకేం ఒత్తిడయ్యా, కుర్చీలో కూర్చునేవాడివి?" అన్నారు మేనేజరు గారు.

"ఆయ్, అదేనండి బాబూ. కూర్చుని నిద్రాపుకోవాలండి. మీరెప్పుడైనా ఆపుకుని చూశారాండీ?"

మేనేజరు గారు ఆ ప్రశ్నను రికార్డు చేయవద్దన్నారు. సీనియర్ అసిస్టెంటు అచ్చియ్యమ్మ గారు కూడా, ఊళ్ల నుంచి సంచులకోసం వచ్చే ఇండెంట్లు చూసి లారీలకు చీటీలు రాసే తన పని ప్రాణాంతకమని వాంగ్మూలమిచ్చింది. ఆవిడ మాటలో కొంత నిజముంది. మిగతావాళ్ల పని కూడా సగం ఆవిడే చేస్తుంది. చివరకు కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది: ఈ కార్యాలయమందు ఒత్తిడి లేని పని ఏదియు లేదు.

కాబట్టి వీరవేణికి పని లేదు. కానీ కుర్చీ ఉంది. ఆ కుర్చీకి ఒత్తిడి తగలకుండా ఏర్పాట్లు జరిగాయి. దగ్గర్లో ఉన్న ఫోను తీసేశారు. పైన ఫ్యాను కిర్రుమంటోందని అదీ తీసేశారు. సెక్షన్‌లో అందరూ చెమటలు కక్కుతూ ఆమె వైపు చూసి, నిబంధన గుర్తొచ్చి నవ్వేవారు. "ఇచ్చట మానసిక రోగి కలరు. నెమ్మదిగా మాట్లాడవలెను" అని గోడకు బోర్డు పెట్టారు. సంచులకోసం వచ్చిన రైతులు బోర్డు చదివి, తలుపు దగ్గరే ఆగి, మెడలు చాపి చూసేవారు. వీరవేణికి ఒళ్లు మండిపోయింది. తీసెయ్యమని గట్టిగా అడిగింది. ఆమెకు కోపం వచ్చింది కాబట్టి బోర్డు ఇంకా అవసరమని తేలి, పక్కన రెండోది పెట్టారు.

ఇక తోడు మనిషి సంగతి. అతని హోదా నిబ్బరాధికారి. పేరు గంగాచలం. అంతకుముందు చిరుగుల విభాగం చూసేవాడు. చిరిగిన సంచులు కుట్టించడం సంస్థ ఎప్పుడో మానేసింది కనుక ఆయన ఖాళీగా దొరికాడు. విజయవాడలో ఒక హోటల్లో శిక్షణ ఇప్పించారు. కళ్లలోకి చూసి మాట్లాడటం, మాట్లాడుతూ తల ఊపడం నేర్పారు. స్వతహాగా మంచివాడు. గంట గంటకూ వచ్చి, కళ్లలోకి చూసి, తల ఊపుతూ అడిగేవాడు:

"మనసెలా ఉందమ్మా?"

"ఖాళీగా ఉందండి."

"ఖాళీగా అంటే ప్రశాంతంగా అనా?"

"పని లేక అనండి."

ఆయన 'ప్రశాంతం' అని రాసుకునేవాడు. ఆయన రాసినదాన్ని రాజమండ్రిలో నిబ్బర పర్యవేక్షకుడు ఫోన్‌లో అడిగి తెలుసుకునేవాడు. పర్యవేక్షకుడిని రాష్ట్ర నిబ్బర సమన్వయకర్త అడిగేవాడు. ఒక్క మనిషి కుర్చీలో కూర్చోడానికి ఇంతమంది నిలబడవలసి వచ్చింది.

"పని చెప్పకుండా జీతమిస్తుంటే నీకేడుపేంటే?" అంది అక్క ఇంట్లో.

"ఖాళీగా కూర్చుంటే రేడియో పెద్దదవుతోందక్కా. ఆరు నెలలయ్యాక నువ్వేం చేశావని అడుగుతారు. ఏం చెప్పను? ఉద్యోగం పోతే మళ్లీ ఆ గదే కదా."

ఆ గది సంగతి అక్కకూ తెలుసు.

రెండో పంట దాళ్వా కోతలు దగ్గరపడ్డాయి. ఊళ్ల నుంచి ఇండెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. రోడ్ల మీద ధాన్యం ఆరబోసుకుని రైతులు మబ్బు వంక చూస్తున్నారు. వాన పడేలోగా సంచులు అందకపోతే ధాన్యం మొలకెత్తుతుంది. అచ్చియ్యమ్మ గారికి ఊపిరాడటంలేదు. ఒకరోజు భోజనాల వేళ ఆవిడ క్యారేజీ పట్టుకుని వీరవేణి పక్కన కూలబడింది.

"ఏవే అమ్మాయ్, మిల్లులో లెక్కలు రాసేదానివంట కదా?"

"రాసేదాన్నండి."

"ఎవరికీ చెప్పకు. కింద గిన్నె తీసి చూడు."

కింద గిన్నెలో కూర లేదు. మడిచి పెట్టిన ఇండెంట్లు ఉన్నాయి. వీరవేణికి వాటిని చూడగానే ఆకలి వేసింది.

అప్పటి నుంచి మండపేట గోనెసంచుల ఆఫీసులో పని దొంగతనంగా జరగసాగింది. పొద్దున క్యారేజీలో ఇండెంట్లు వచ్చేవి, సాయంత్రం చీటీలై వెళ్లేవి. గంగాచలం గారు వచ్చి కళ్లలోకి చూసేటప్పుడు వీరవేణి కాగితాల మీద పమిట కప్పేది. రేడియో తగ్గిపోయింది. పని కొత్త కాబట్టి తప్పులు కూడా జరిగాయి. ఒకసారి అంగర వెళ్లాల్సిన సంచులు తాపేశ్వరం వెళ్లాయి. అచ్చియ్యమ్మ గారు అరుద్దామని నోరు తెరిచి, నాలుగో నిబంధన గుర్తొచ్చి, పెరట్లోకి వెళ్లి కుళాయిని నాలుగు తిట్టి వచ్చింది.

"నన్నే తిట్టొచ్చు కదండీ. తప్పు నాదే కదా" అంది వీరవేణి.

"తిడితే నా ఉజ్జోగం పోద్దే తల్లీ. కుళాయికి ఏ రూలూ లేదు."

డివిజన్‌లో సంచులు ఇంత తొందరగా ఎందుకు అందుతున్నాయని ప్రధాన కార్యాలయానికి అనుమానం వచ్చింది. మనోనిబ్బర వాతావరణం వల్ల ఉద్యోగుల సామర్థ్యం పెరిగినట్టున్నదని అక్కడ ఒకరు నోటు రాశారు. దాన్ని అధ్యయనం చేయడానికి సంయుక్త సంచాలకులవారు కారులో దిగారు. చెప్పకుండా దిగారు. నేరుగా వీరవేణి కుర్చీ దగ్గరకు వచ్చి, పమిట కింది నుంచి కాగితం అంచు కనబడితే లాగారు. ద్రాక్షారామం ఇండెంటు.

"ఏమిటిది? లబ్ధిదారు చేత పని చేయిస్తున్నారా?"

ఆఫీసంతా బిగుసుకుపోయింది. అచ్చియ్యమ్మ గారి చేతిలో క్యారేజీ మూత కింద పడి గిర్రున తిరిగింది. కానీ మేనేజరు గారు ఊరికే మేనేజరు కాలేదు.

"పని కాదండి, వినోదమండి."

"ఎవరి వినోదం?"

"లబ్ధిదారుదేనండి. కొందరికి పేకాట సరదా. ఈమెకు ఇండెంట్లు సరదాండి. తద్వారా మనోల్లాసం సమకూరుచున్నదండి."

సంచాలకులవారి మొహం వికసించింది. "వినోద చికిత్స! అద్భుతం. రాష్ట్రమంతటా అమలు చేయవలసినది. కానీ అసలు ఇండెంట్లతో ఆడుకుంటే ఆడిటు అభ్యంతరం రావచ్చు. వేరే అచ్చు వేయించండి."

వారం తిరగకుండా ఉత్తుత్తి ఇండెంట్లు అచ్చయి వచ్చాయి. మంచి కాగితం, చుట్టూ పువ్వుల అంచు. వాటిలో ఊళ్ల పేర్లు సంతోషపురం, ప్రశాంతినగరం, చిరునవ్వుల పాలెం. ఈ ఊళ్లకు వీరవేణి సంచులు పంపాలి. పంపినట్టు రాస్తే చాలు. అసలు ఇండెంట్లు మళ్లీ అచ్చియ్యమ్మ గారి బల్ల మీద గుట్టపడ్డాయి. క్యారేజీలను గేటు దగ్గర తెరిచి చూడమని అబ్బులుకి ఆదేశమిచ్చారు. తనకు కొత్త ఒత్తిడి పెరిగిందని అబ్బులు అర్జీ పెట్టుకున్నాడు.

వీరవేణి ఆ పువ్వుల కాగితాలు పట్టుకుని మేనేజరు గారి గదిలోకి వెళ్లింది.

"ఈ ఊళ్లు లేవు కదండీ?"

"లేవమ్మా. హాయిగా ఉంటుందని పెట్టారు."

"సార్, లేనివి ఉన్నట్టు అనిపించడమే నా జబ్బండి. ఇన్నేళ్లు మందులేసుకుని, నానా అవస్థా పడి తగ్గించుకున్నానండి. ఆఫీసువాళ్లు మళ్లీ మొదలెట్టకండి. దణ్ణం పెడతాను."

మేనేజరు గారు ఈ విషయంలో స్పష్టీకరణ కోరదామన్నారు. ఆమె వెళ్లిపోయాక, లబ్ధిదారు వినోదమునకు సహకరించుట లేదని నిబ్బరాధికారికి మెమో ఇచ్చారు.

మెమో గంగాచలం గారి మీద పిడుగులా పడింది. ఆ ఉత్తుత్తి ఇండెంట్లు రోజూ ఇన్ని పూర్తయ్యాయని ఆయనే పైకి చెప్పాలి. వీరవేణి వాటిని ముట్టదు. పర్యవేక్షకుడు ఫోన్‌లో వదలడు. పాపం ఆయనే రాయడం మొదలుపెట్టాడు. మొదట గడ్డం పెరిగింది. తర్వాత క్యారేజీ విప్పకుండానే తిరిగి ఇంటికి తీసుకెళ్లసాగాడు. మనసెలా ఉందని అడగడం కూడా మర్చిపోయాడు. ఒక మధ్యాహ్నం వీరవేణి పక్కన వచ్చి కూర్చుని, కళ్లలోకి చూడకుండా నేల చూస్తూ అన్నాడు:

"సంతోషపురానికి లారీ కుదరట్లేదమ్మా. నిన్నటి నుంచీ తిరుగుతున్నాను. ఏ డ్రైవరూ రానంటున్నాడు."

వీరవేణి ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపు ఆమెకు తెలుసు. ఒకప్పుడు అద్దంలో చూసిన చూపే.

"గంగాచలం గారూ, ఎన్నాళ్లయిందండీ మీరు నిద్రపోయి?"

"కళ్లు మూస్తే ఫోను మోగినట్టుంటదమ్మా."

"మోగుతోందాండీ?"

"లేచి చూస్తే మోగదు."

"రేపు మా డాక్టరు దగ్గరికి వెళ్దాం రండి."

ఆయన ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకేం పిచ్చా అమ్మా? ఎవరికైనా తెలిస్తే ఇంకేమన్నా ఉందా? నన్ను కూడా నీలాగా..." అని ఆగిపోయాడు.

"నాలాగా కూర్చోబెడతారు. నిజమేనండి" అంది వీరవేణి. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది, అయినా అంది. "అది ఆఫీసు జబ్బండి, మనది కాదు. మన జబ్బుకి మందుంది. పదండి."

వెళ్లారు. డాక్టరు ఆయన చెప్పిందంతా విన్నాడు. ఆందోళన ముదిరింది, దిగులు కూడా పట్టింది, మందులు వాడితే తగ్గుతుంది, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని మళ్లీ మామూలు పనిలో పడమన్నాడు. గంగాచలం గారు డాక్టరు రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

సమీక్ష రోజు రానే వచ్చింది. బయట మబ్బు పట్టి ఉంది. ఇండెంట్లు అందని రైతులు వరండాలో, బోర్డును గౌరవించి, గుసగుసగా తిట్టుకుంటున్నారు. కమిటీ ముందు వీరవేణి నిలబడింది. గంగాచలం గారు సెలవు ముగించుకుని అప్పుడే వచ్చి, నిబ్బరాధికారి హోదాలో ఒక మూల కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు.

మేనేజరు గారు చదివారు. "లబ్ధిదారు ఆరోగ్యము సంతృప్తికరము. హాజరు సంతృప్తికరము. వినోదము పాక్షికముగా సంతృప్తికరము. పనితీరు..." ఆయన ఆగి కళ్లద్దాలు సవరించుకున్నారు. "పనితీరు లేదు. పని ఇవ్వబడలేదు కనుక. కావున తొమ్మిదవ నిబంధన ననుసరించి తొలగించవలసియున్నది. నాకు వ్యక్తిగతంగా చాలా బాధగా ఉందమ్మా. వీడ్కోలుకి కూడా దండ ఉంది."

వీరవేణికి అక్క ఇంట్లో గది తలుపు కళ్ల ముందు కదిలింది.

గంగాచలం గారు లేచాడు. లోపలి జేబులోంచి డాక్టరు చీటీ తీసి మడతలు విప్పి బల్ల మీద పెట్టాడు.

"నేను కూడా లబ్ధిదారునేనండి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మేనేజరు గారు తన కుర్చీని ఒక జానెడు వెనక్కి జరుపుకున్నారు. తర్వాత నిబంధనలు గుర్తొచ్చి, జరిపిన జానెడూ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. అసలు చిక్కు అప్పుడు తెలిసింది. నిబంధనల ప్రకారం డాక్టరు చీటీ ఉన్న ఉద్యోగి ఎవరైనా లబ్ధిదారే. సెలవు పెట్టిన రోజులు పోను, లబ్ధిదారును నిబ్బరాధికారి లేకుండా ఒక్క పూటైనా ఉంచరాదు. ఉంచితే మేనేజరుదే బాధ్యత. నిబ్బరాధికారేమో లబ్ధిదారైపోయాడు. కొత్తవాడికి శిక్షణ ఇప్పించాలంటే వచ్చే ఏడాది దాకా హోటలు ఖాళీ లేదు. శిక్షణ లేనివారైతే మానసిక అనారోగ్యం గలవారితో దీర్ఘకాల సాహచర్యం ఉండవలెను.

"అటువంటి అనుభవజ్ఞులు మన డివిజన్‌లో ఎవరున్నారు?" అన్నారు మేనేజరు గారు దీనంగా.

"ఈ అమ్మాయి లేదాండీ?" అంది తలుపు దగ్గర నిలబడ్డ అచ్చియ్యమ్మ గారు. "ఇన్నేళ్ల నుంచి రాత్రీ పగలూ తనతో తనే కాపురం చేస్తోంది కదండీ. అంతకంటే సాహచర్యం ఏం కావాలండీ?"

మేనేజరు గారు నిబంధనలు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగేశారు. అభ్యంతరం కనబడలేదు. పనితీరు లేని కారణంగా వీరవేణిని లబ్ధిదారు హోదా నుంచి తొలగించారు. బల్ల మీదున్న దండ తీసి, నిబ్బరాధికారిగా నియమిస్తూ అదే వేశారు. ఆ ఉద్యోగానికి సమీక్ష లేదు, ఖరారు ఉద్యోగం.

వీరవేణి దండ తీసి పక్కన పెట్టి, తిన్నగా అచ్చియ్యమ్మ గారి బల్ల దగ్గరకు వెళ్లింది. ఇండెంట్ల గుట్టలో ఒక కట్ట తను తీసుకుంది. ఇంకో కట్ట తెచ్చి, ఒత్తిడి తగలని కుర్చీలో బిక్కచచ్చి కూర్చున్న గంగాచలం గారి ముందు పెట్టింది.

"ఇవి మీరు చూడండి సార్. ముందు రామచంద్రాపురం వైపు ఊళ్లవి తియ్యండి, అక్కడ చినుకులు పడ్డాయంట. తొందరేం లేదు, అలసటొస్తే చెప్పండి."

"ఇది పని కదమ్మా?" అన్నాడాయన.

"పనేనండి."

ఆయన కట్ట విప్పాడు. మొదటి కాగితం చాలాసేపు చూశాడు. ఊరి పేరు చదివి, ఆ ఊరు తనకు తెలుసనీ, తన మేనత్తని ఇచ్చింది ఆ ఊరేననీ అన్నాడు. ఆ మాట అంటూ కళ్లు తుడుచుకున్నాడు. వీరవేణి చూడనట్టు తన చీటీ రాసుకుంటూ కూర్చుంది. ఆమెకు కూడా కళ్లు మసకబారాయి, ఒక చీటీ పాడైంది, ఇంకోటి తీసుకుంది.

అలికిడికి మేనేజరు గారు గదిలోంచి పరుగున వచ్చారు.

"వీరవేణీ! ఏమిటమ్మా ఈ ఘోరం? లబ్ధిదారు చేత పని చేయిస్తున్నావా?"

"అవునండి. చేయిస్తున్నానండి. సాయంత్రంలోపు ఇంకో కట్ట కూడా ఇస్తానండి."

"నాలుగో నిబంధన! పైవాళ్లకి ఏం చెప్పమంటావు నన్ను? స్పష్టీకరణ కోరుతూ ఇప్పటికిప్పుడు లేఖ రాయాలి."

"రాయిద్దామండి," అంది వీరవేణి, చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే. "ఈ కట్ట అవగానే గంగాచలం గారి చేత రాయిస్తానండి. ఆయన చేతిరాత బాగుంటుంది."